చరిత్ర పుస్తకాలు జంటగా కొనండి

"మంచి ఆత్మకథ ఏదైనా చెప్పండి, ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలి" అని అడిగేవాళ్లకు నేను సరిగ్గా జవాబు చెప్పలేను. పుస్తకాలు లేక కాదు, ఆ షరతు వల్ల. స్ఫూర్తి కోసమే చదివితే జీవితకథలన్నీ ఒక్కలాగే ఉంటాయి. చిన్నప్పుడు కష్టాలు, వీధిదీపం కింద చదువు, ఓ మంచి మేష్టారు, ఓ ఎదురుదెబ్బ, చివరికి గెలుపు. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, అట్ట మీద చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో మాత్రం మారదు. రెండు చదివేసరికి మూడోది మనమే రాసేయొచ్చు.

నేను ఆత్మకథలు చదివేది వేరే పనికి. రాసినాయన తన గురించి చెప్పుకునే మాటల కన్నా, ఆ ఊపులో ఇంటి గురించి, పక్కవాళ్ల గురించి, బండికూలి గురించి యథాలాపంగా చెప్పేసే మాటలు నాకు ముఖ్యం. తన గురించి రాసుకునేటప్పుడు ఎవరైనా జాగ్రత్తపడతారు. వంటావిడ గురించి రాసేటప్పుడు అంత జాగ్రత్త ఎందుకు పడతారు? అందుకే నిజం అక్కడ ఎక్కువ దొరుకుతుంది. ఆ వంటావిడే రాసుకున్న పుస్తకం కూడా దొరికిందా, ఇక వదలకూడదు. చరిత్ర పుస్తకాలు జంటగా కొనాలని నేననేది అందుకే. ఒకటి ముందు నడిచినవాళ్లది, ఇంకోటి వాళ్ల బరువు మోసినవాళ్లది.

ముందు జీవితచరిత్రల సంగతి చెప్పి పక్కన పెట్టేస్తాను. ఒకరి గురించి ఇంకొకరు రాసిన పుస్తకాలు తెలుగులో బోలెడు ఉన్నాయి గానీ, చాలా మటుకు శాలువా కప్పడానికి రాసినవే. శతజయంతి వస్తుంది, కమిటీ పడుతుంది, కుటుంబం డబ్బు పెడుతుంది, మంత్రిగారి సందేశం మొదటి పేజీలో వేస్తారు. లోపల ఆయన బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, అజాతశత్రువు. జీవితమంతా కోర్టుల్లో, జైళ్లలో, కుల పంచాయితీల్లో పోట్లాడిన మనిషి అజాతశత్రువు ఎలా అయ్యాడో ఎవరూ చెప్పరు. ఆయనకు అప్పులుండవు, అసూయ ఉండదు. భార్య ఒకే ఒక్క వాక్యంలో వచ్చి, ఆయన అడుగుజాడల్లో నడిచి వెళ్లిపోతుంది. సినిమావాళ్ల పుస్తకాలైతే మరీనూ.

మన దగ్గర మొదట్లో ఇలా లేదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మిత్రులు కలిసి 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. 1907లో వాళ్లు వేసిన మొట్టమొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసత్వాన్ని రద్దు చేసినవాడి కథ, తెల్లదొరల పాలనలో, తెలుగు పాఠకుల చేతిలో! మరుసటి ఏడే హరిసర్వోత్తమరావుగారు స్వరాజ్య పత్రికలో అచ్చయిన వ్యాసానికి రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లారు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం 1910లో వచ్చింది కూడా ఆ మండలి నుంచే. అప్పటికి జీవితచరిత్ర, దేశచరిత్ర అంటే టెన్షన్ పుట్టించే సరుకు. దండలు వేసే సరుకుగా తర్వాత మారింది.

ఇక ఆత్మకథలకు వస్తే, తెలుగులో వరస మొదలయ్యేది కందుకూరి వీరేశలింగంగారి స్వీయచరిత్రముతో. ఈ రోజుల్లో దాన్ని చదివేవాళ్లు తక్కువ. గ్రాంథికం ఒక అడ్డు, లావు ఇంకో అడ్డు. పైగా ఆయనకు ఏ తగాదానూ వదిలిపెట్టే అలవాటు లేదు. ఎవరు ఏమన్నారు, తానేం జవాబిచ్చాడు అన్నీ ఉండాల్సిందే. నాకు మాత్రం ఆ తగాదాలే ఇష్టం. ఒక సంస్కర్త రోజు ఎలా గడుస్తుందో ప్రసంగాల్లో తెలియదు, ఈ పేచీల్లో తెలుస్తుంది.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు, పెళ్లికూతురు గౌరమ్మ. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. విద్యార్థులు కాపలా కాశారు, పోలీసు బందోబస్తు పెట్టారు. స్కూలు పుస్తకంలో ఇంతవరకే ఉంటుంది. అసలు గొడవ ఆ తర్వాతది. వెలి అంటే కాగితం మీద తీర్మానం కాదు కదా. వంటవాళ్లు పనిలోకి రావడం మానేస్తారు. నీళ్లు మోసేవాళ్లు రారు. పెళ్లికి వచ్చినవాళ్లు, ఆశ్రయం కోసం వచ్చిన వితంతువులు అందరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. వాళ్లందరికీ రెండు పూటలా అన్నం పడాలి. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి వెళ్లి తానే నీళ్లు మోసుకొచ్చి, తానే వండి వడ్డించారు. మొదటి పెళ్లయిన నాలుగు రోజులకే రెండోది జరిగింది. అంటే ఆవిడకు మధ్యలో ఊపిరి పీల్చుకునే తీరిక కూడా దొరికి ఉండదు.

మరి రాజ్యలక్ష్మమ్మగారు ఏమనుకున్నారు? నది నుంచి బిందె ఎత్తుకుని వస్తుంటే దారిలో ఎవరు ఏమన్నారు? పుట్టింటివాళ్లు ఏమన్నారు? ఆ ఇంట్లోకి వచ్చిన ఆడపిల్లలు రాత్రిళ్లు ఆవిడతో ఏం చెప్పుకున్నారు? ఆవిడ 1910లో పోయారు. మనకు మిగిలింది భర్త పుస్తకమే. ఆయన ఆవిడ గురించి గౌరవంగానే చెప్పారు, ఆ మాట కాదనను. కానీ వితంతు వివాహ ఉద్యమ చరిత్రలో సగం ఆ వంటింట్లో జరిగింది, ఆ సగానికి పుస్తకం లేదు. దీని జంట దొరకదు. అది గుర్తుపెట్టుకుని స్వీయచరిత్రము చదివితే పేజీ పేజీకీ ఆవిడ ఎక్కడుందా అని వెతుక్కుంటాం. అలా చదవడమే దానికి న్యాయం అనిపిస్తుంది నాకు.

ఆడవాళ్ల చేతికి కలం రావడానికి చాలా కాలం పట్టింది. ఏడిదము సత్యవతి ఆత్మచరితము 1934 నాటిది. తెలుగులో స్త్రీ రాసిన తొలి ఆత్మకథగా దాన్నే చెబుతారు. కవి బసవరాజు అప్పారావుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తమ కాపురం గురించి అప్పారావుగారూ - నేనూ అని రాశారు. ఆయన గీతాలు పాడుకున్నవాళ్లు ఇది కూడా చదవాలి. కవి ఆరోగ్యం చెడిన రోజుల్లో ఆ ఇల్లు ఎలా నడిచిందో గీతాల్లో తెలియదు.

నాకు అన్నిటికన్నా సరదా అయిన జంట ఒకటుంది. మామూలుగా వీటిని ఎవరూ పక్కపక్కన పెట్టరు. ఒకటి సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర, ఇంకోటి టంగుటూరి ప్రకాశం పంతులుగారి నా జీవిత యాత్ర. మొదటిది 1949లో వచ్చింది, తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి 1955లో దానికే ఇచ్చారు. రాజులు, యుద్ధాలు, పట్టాభిషేకాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవతకు మొక్కారు అని వెతికారాయన. వెతికింది ఎక్కడంటారా, కావ్యాల్లో. పండితులు అలంకారాలు లెక్కపెట్టే పద్యాల్లోంచి ఈయన కూరలూ నగలూ ఏరుకొచ్చారు. గోలకొండ పత్రిక నడిపిన మనిషి కాబట్టి, ఎక్కడ ఏ వార్త దాగి ఉందో పసిగట్టే గుణం ఆయనకుంది.

ఆయన బాగా వాడుకున్న కావ్యాల్లో వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న క్రీడాభిరామం ఒకటి. కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు రోజంతా తిరుగుతారు. ఆకలేస్తే పూటకూళ్ల ఇంటికి వెళతారు. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక రూక ఇస్తే ఏమేం పెడతారో పద్యంలో చెప్పాడు కవి. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, లప్పలు లప్పలుగా గడ్డపెరుగు. ఏ శాసనంలోనూ ఇలాంటి ధర, ఇలాంటి మెనూ కనపడవు. చదువుతుంటే నోరూరుతుంది. అయితే ఇది తిన్నవాడి లెక్క. వండినవాళ్లెవరో, ఎన్నింటికి లేచారో పద్యంలో లేదు.

ప్రకాశంగారి పుస్తకంలో ఉంది. తండ్రి పోయేనాటికి ఆయనకు పదకొండేళ్లు. తల్లి సుబ్బమ్మగారు పిల్లల్ని తీసుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ల ఇల్లు పెట్టారు. అప్పట్లో అది గౌరవం లేని పని. కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మను చూడండి, అందరూ ఆవిడ గురించి ఏదో ఒకటి అంటారు (గిరీశాన్ని వెతుక్కుంటూ చీపురు పట్టుకుని వచ్చింది కూడా ఆవిడే, అది వేరే సంతోషం). వితంతువు పదిమంది మగవాళ్లకు డబ్బు తీసుకుని అన్నం పెట్టడమంటే ఊరి నోట్లో పడటమే. ఆ డబ్బుతోనే ప్రకాశంగారు చదువుకున్నారు. తర్వాత బారిస్టరయ్యారు, 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు), 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి గుండె చూపించిన ఘట్టం అందరికీ తెలుసు, సినిమా పోస్టర్‌లా గోడల మీద కూడా వేశారు. నేను మాత్రం ఆ పుస్తకాన్ని ఒంగోలు పేజీల కోసం తెరుస్తాను. అల్లరి చిల్లర తిరుగుళ్లు, నాటకాల్లో ఆడవేషాలు, చేరదీసి రాజమండ్రి తీసుకెళ్లిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు, ఇవన్నీ దాచుకోకుండా రాశారు. తల్లి వంట చేసి సంపాదించిన మాట కూడా దాచలేదు. అంత పెద్ద పదవి చేసినవాళ్లలో ఆ రోజుల్లో ఆ సంగతి ఇంత మామూలుగా ఎవరు చెప్పారు చెప్పండి?

ఈ రెండూ కలిపి చదివితే ఒక రూక భోజనం వెనక ఉన్న మనిషి కనపడుతుంది. విడివిడిగా చదివితే ఒకటి పాతకాలపు వంటల ముచ్చటగా, ఇంకోటి నాయకుడి కథగా మిగిలిపోతాయి.

జంటగా చదవకపోతే నిజంగా నష్టపోయేది తెలంగాణ సాయుధ పోరాటం విషయంలో. 1946 నుంచి 1951 అక్టోబరు వరకు జరిగిన ఆ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో రాసిన వీరతెలంగాణ విప్లవ పోరాటం పెద్ద పుస్తకం, ముఖ్యమైన పుస్తకం. అందులోని లెక్కలే ఈ రోజుకీ అందరూ చెబుతారు. దాదాపు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్యాలు, పది లక్షల ఎకరాల పంపిణీ, 4,000 మంది కమ్యూనిస్టులు, రైతు యోధుల మరణం, 10,000 మందికి పైగా నిర్బంధం. ఎక్కడ ఏ దళం, ఏ దాడి, ఏ తీర్మానం, ఎందుకు చీలిక, అన్నీ ఉన్నాయి. ఉద్యమానికి ఎముకల గూడు కావాలంటే అది ఇదే. రావి నారాయణరెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి గార్ల జ్ఞాపకాలు కూడా ఈ వరసలోవే. పోరాట విరమణ మీద సుందరయ్యగారికీ రావి నారాయణరెడ్డిగారికీ పడదు, కాబట్టి ఆ రెండూ కూడా పక్కపక్కన పెట్టి చూడాల్సినవే.

1986లో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం వాళ్లు మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకం వేశారు. పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి టేప్ రికార్డరు పట్టుకుని వెళ్లి, వాళ్లు మాట్లాడింది మాట్లాడినట్టు అచ్చు వేశారు. చిట్యాల ఐలమ్మ మాట ఉంది, మల్లు స్వరాజ్యం మాట ఉంది, పేరు ఊరు దాటని ఆడవాళ్ల మాటలూ ఉన్నాయి. పెద్ద పుస్తకంలో దళం ఒక రాత్రిలో ఇన్ని మైళ్లు నడిచింది అని ఉంటుంది. ఇక్కడ ఆ దళంలో నడిచిన కమలమ్మ తన పసిబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన సంగతి చెబుతుంది. అడవిలో బిడ్డ ఏడిస్తే అందరికీ ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి బిడ్డా, దళమా? మామూలు చరిత్ర పుస్తకానికి ఇది పట్టే చోటు లేదు, ఏ అధ్యాయంలో పెట్టాలో కూడా తెలియదు. పోరాటం ఆగాక తుపాకీ దించి మళ్లీ వంటింట్లోకి వెళ్లమన్నప్పుడు కలిగిన కోపం కూడా ఈ గొంతుల్లోనే వినపడుతుంది. వాళ్లు పోరాటాన్ని తప్పు పట్టరు, ఆ రోజుల్ని జీవితంలో అన్నిటికన్నా గొప్ప రోజులుగా తలుచుకుంటారు. కోపం, గర్వం ఒకే మాటలో వస్తాయి. పార్టీ చరిత్రలకూ పార్టీని తిట్టే చరిత్రలకూ చేతకాని విషయం ఇదే.

కొండపల్లి కోటేశ్వరమ్మగారి నిర్జన వారధి 2012లో వచ్చేనాటికి ఆవిడకు తొంభై దాటింది. పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్లి, వెంటనే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, పాటలు, ఒంటి మీది నగలు తీసి పార్టీకి ఇవ్వడం, నిర్బంధ కాలంలో ఊరూరా రహస్య జీవితం. ఆ తర్వాత భర్త విడిచి వెళ్లిపోయారు. నడివయసులో హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివి, కాకినాడలో హాస్టలు మేట్రన్‌గా పనిచేసి బతికారు. కొడుకు పోయాడు, కూతురు పోయింది. ఇన్ని జరిగాయి కదా, పుస్తకం ఏడుస్తూ ఉంటుందనుకుంటాం. ఉండదు. పొడి మాటల్లో, చిన్న వాక్యాల్లో, ఎక్కడా సానుభూతి అడగకుండా చెప్పుకుపోతారు. నక్సలైటు ఉద్యమ చరిత్ర రాసేవాళ్లకు సీతారామయ్యగారు ఒక పెద్ద అధ్యాయం. ఆ ఇంట్లో మిగిలిపోయిన మనిషి ఎలా బతికిందో ఈ సన్నటి పుస్తకంలో ఉంది. తెలుగులో ఒక్క ఆత్మకథే చదువుతానని ఎవరైనా మొండికేస్తే నేను చేతిలో పెట్టేది ఇదే.

దీనికి చరిత్ర చదువుకున్నవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. జ్ఞాపకం నమ్మకూడదు, తొంభై ఏళ్ల వయసులో చెప్పిన మాటకు తేదీలు కలవవు, దస్తావేజు కావాలి అని. తేదీలు కలవవన్నది నిజమే. కానీ దస్తావేజు ఆకాశంలోంచి ఊడిపడలేదుగా? పహాణీ, అంటే భూమి లెక్క, రాసింది ఊరి లెక్కలు చూసే పట్వారీ, పట్వారీని ఉంచుకున్నది దొర. పోలీసు రికార్డు రాసింది కొట్టినవాడు. పార్టీ తీర్మానం రాసింది గెలిచిన వర్గం. కాగితం మీద ఉన్నంత మాత్రాన దానికి స్వార్థం లేకుండా పోదు. ముసలావిడ తేదీ తప్పు చెప్పి ఉండొచ్చు. బిడ్డను వదిలేసిన రాత్రిని మాత్రం తప్పు చెప్పదు. తేదీ కోసం సుందరయ్యగారి పుస్తకం ఎలాగూ పక్కనే ఉంటుంది, జంట కొనమన్నది అందుకే కదా.

జంట ఒక్కోసారి ఎనభై ఏళ్ల దూరంలోనో, నూట ఎనభై ఏళ్ల దూరంలోనో దొరుకుతుంది. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో మాటను ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న వందమందికి పైగా పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు రాసిన సంగతులే కాశీయాత్ర చరిత్ర, ఆయన పోయాక 1838లో అచ్చయింది. ఏ మజిలీ ఎన్ని ఆమడల దూరం, నీళ్లు మంచివా కావా, బియ్యం దొరుకుతుందా, దారి ఇసుకా బురదా, సుంకం ఎవరు తీసుకుంటున్నారు, అన్నీ రాశారు. ఆశ్చర్యం ఏమిటంటే, వీరేశలింగంగారి గ్రాంథికం కన్నా ఈయన తెలుగే ఇప్పుడు సులువుగా చదువుకోవచ్చు. కోర్టు మాటలు, ఉర్దూ మాటలు, ఇంట్లో మాటలు అన్నీ కలిపేసి రాశారు.

ఆయన పాలకీలో వెళ్లారు. మోసిన బోయీలకు పుస్తకం లేదు. కొండ దారుల్లో, వానల్లో వాళ్ల భుజాలు ఏమయ్యాయో తెలియదు. కానీ ఈ దేశంలో ప్రయాణం అనేది ఎవరి ఒంటి మీదుగా జరిగిందో చెప్పే పుస్తకం 2011లో ఇంగ్లీషులో వచ్చింది, తర్వాత తెలుగులోకీ వచ్చింది. వై.బి. సత్యనారాయణగారు రాసిన మా నాయన బాలయ్య. నిజాం ఆ కుటుంబంలో పూర్వీకుడికి యాభై ఎకరాలు ఇస్తే, దొర నలభై ఎనిమిది లాక్కుని రెండు మిగిల్చాడు. ఊళ్లో బతుకు లేక ఆ మాదిగ కుటుంబం రైల్వే పనికి చేరింది. మిగతావాళ్ల ఆత్మకథల్లో రైలు అంటే కిటికీలోంచి కనపడే పొలాలు, పక్క సీటులో దొరికిన మిత్రుడు. ఇందులో రైలు అంటే కూలి, క్వార్టరు, రాత్రి డ్యూటీ, పిల్లల ఫీజు. వీరాస్వామయ్యగారి వెనకే దీన్ని చదివాను కాబట్టి, పాలకీ దిగినప్పుడల్లా బోయీల వైపు చూడటం అలవాటైంది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి అనుభవాలూ జ్ఞాపకాలూనూ, దాశరథి రంగాచార్యగారి జీవనయానం, తిరుమల రామచంద్రగారి హంపీ నుంచి హరప్పా దాకా, వీటి గురించి వేరే చెప్పక్కర్లేదు. తెలుగు వచనం రుచి తెలిసినవాళ్లందరూ ఏదో ఒక రోజు వాటి దగ్గరికి చేరతారు. శ్రీపాదవారి పుస్తకం చదివితే, సంస్కృతం వదిలి తెలుగులో రాస్తానంటే వైదిక కుటుంబంలో ఎంత రభస అయ్యేదో తెలుస్తుంది, అదీ గోదావరి జిల్లా మాటల్లో. ఒక్కటే మనవి, ముగ్గురినీ వరసగా చదవకండి. ముగ్గురూ మాటకారులే, ఒకరి గొంతు ఇంకొకరి గొంతులో కలిసిపోతుంది.

ఖర్చు గురించి అడిగేవాళ్లకు: వీరాస్వామయ్య, వీరేశలింగం పాత ముద్రణల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అచ్చు అక్కడక్కడా మసకగా ఉంటుంది, ఫోన్‌లో కాకుండా పెద్ద తెర మీద చదవండి. సాంఘిక చరిత్ర ఎప్పుడూ ఎవరో ఒకరు మళ్లీ వేస్తూనే ఉంటారు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతది కూడా తగలొచ్చు. డబ్బు పెట్టి కొనాల్సింది నిర్జన వారధి, మనకు తెలియని మన చరిత్ర. నా జీవిత యాత్ర కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. నాలుగో భాగం ప్రకాశంగారు రాసింది కాదు, తెన్నేటి విశ్వనాథంగారు రాసింది. సమాచారం బాగానే ఉంటుంది గానీ ఆ ఒంగోలు గొంతు ఉండదు. నన్నడిగితే మొదటి మూడు చాలు.